వెళ్లిందన్నారు, చేరిందనలేదు

మెయిల్ రాసి బటన్ నొక్కగానే తెర మీద 'సెంట్' అని ఒక చిన్న మాట కనిపిస్తుంది. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఆ మాట చెప్పేది ఒక్కటే: ఉత్తరం మీ చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లింది. ఆ చెయ్యి ఎవరిది, అది ఎవరికి అందిస్తుంది, లేక జేబులో పెట్టుకుని మర్చిపోతుందా, ఇవేవీ అందులో లేవు. వీధి చివర ఎర్ర డబ్బాలో కవరు వేసొచ్చి "చేరిపోయింది" అని మన తాతలు ఎప్పుడూ అనలేదు. మెయిల్ దగ్గరికి వచ్చేసరికి మనం మాత్రం ధైర్యంగా అనేస్తాం.

ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ మన మెయిళ్లను సరిగ్గా బయటికి పంపకపోతే ఏం చేయాలన్నదే ఈ వ్యాసం. సెట్టింగుల సంగతి కూడా వస్తుంది, కానీ ముందు నా వాదన చెప్పేస్తాను. మెయిల్‌ను తిరస్కరిస్తే నాకు కోపం లేదు. ఆలస్యం చేసినా సర్దుకుంటాను. తీసుకుని, సరే అని మాటిచ్చి, ఆ తర్వాత నోరు విప్పకపోతే మాత్రం ఊరుకోకూడదు. కాబట్టి ఆ కంపెనీని తప్పించుకుని ఏ పక్కదారి పట్టినా సరే, జవాబును తిరిగి మన గుమ్మం దాకా తెచ్చే దారినే పట్టాలి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మీరు ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో జీమెయిల్ తెరిచి రాస్తే, మీ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మెయిల్ సర్వర్ అసలు దారిలోనే ఉండదు. మీ ఉత్తరం మామూలు వెబ్ ట్రాఫిక్‌లాగా గూగుల్ దాకా వెళ్తుంది, అక్కడి నుంచి వాళ్లే పంపుతారు. అందుకే మనలో చాలామందికి ఈ సమస్య ఉందనే తెలియదు. తెలిసేది ఎవరికంటే, మనుషులు కాకుండా ప్రోగ్రాములు మెయిల్ పంపాల్సిన చోట ఉన్నవాళ్లకి. రిపోర్టు పంపే డయాగ్నస్టిక్ ల్యాబ్, బిల్లు పంపే చిన్న ఆఫీసు, 'టెంపరేచర్ పెరిగింది' అని మొత్తుకునే సెన్సర్, ఫైనలియర్ ప్రాజెక్టుల్లో సగం. ఇంకా, కథల పోటీ పెట్టే సాహిత్య క్లబ్బులు.

మన క్లబ్ పోటీలో జరిగింది చెప్తాను, ఎందుకంటే ఈ విషయం మీద నా అభిప్రాయాలన్నీ అక్కడే గట్టిపడ్డాయి. ఎంట్రీలు ఆన్‌లైన్ ఫారంలో వచ్చేవి. వాటిని తీసుకుని, నంబరు వేసి, 'మీ కథ అందింది, మీ నంబరు ఇది' అని రసీదు మెయిల్ పంపే ప్రోగ్రాం కాలేజీ బయట మా అద్దె గదిలోని పాత డెస్క్‌టాప్ మీద నడిచేది. దాంట్లో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ఉంది. బయటికి నేరుగా పంపే దారి కంపెనీ మూసేసింది, దాని బదులు తమ రిలే సర్వర్‌కి ఇవ్వమంది. వాళ్లు చెప్పినట్టే పెట్టాం. కొన్ని రసీదులు రెండు నిమిషాల్లో చేరాయి. కొన్ని రెండు రోజులకు చేరాయి. కొన్ని ఇప్పటికీ చేరలేదు.

ఇక ఫోన్లు మొదలు. "అన్నా, నా కథ అందిందా?" అని ఒకరు. రసీదు రాలేదని అదే కథను మూడుసార్లు పంపినవాడు ఇంకొకడు, మూడోసారి పేరు మార్చి మరీ. నవ్వొచ్చిన సంగతులు ఇవి. నవ్వు రాని సంగతి ఒకటుంది. వేరే కాలేజీ ఫస్టియర్ అమ్మాయి ఒకరు, జవాబు రాలేదు కాబట్టి కథ బాగాలేదేమో అనుకుని ఊరుకుంది. గడువు దాటాక మనమే ఫారంలో నంబరు చూసి ఫోన్ చేస్తే, "అందలేదనుకున్నానండీ, ఇంకోచోటికి పంపేశాను" అంది. నియమాల ప్రకారం ఆ కథ పోటీలోంచి తప్పుకోవాల్సి వచ్చింది. అది మంచి కథ.

డెస్క్‌టాప్‌లో లాగ్ తెరిచి చూస్తే, చేరిన మెయిల్‌కీ చేరని మెయిల్‌కీ ఒకటే ముగింపు: 'స్టేటస్ సెంట్, 250 ఓకే'. కంపెనీ సర్వర్ ప్రతిదానికీ 250 అని జవాబిచ్చింది. తిరుగు టపాలో ఒక్క బౌన్స్ మెయిల్ రాలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "సార్, మీకు స్పీడ్ బాగానే వస్తోంది కదా?" అన్నారు. నిజమే, బాగానే వస్తోంది. "ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్." చేశాం. గోడకు చెప్పుకుంటే కనీసం అది రౌటర్ ఆఫ్ చేయమనదు.

ఇప్పుడు ఆ 250 అంటే ఏమిటో చూడాలి, ఎందుకంటే గొడవంతా దాంట్లోనే ఉంది. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే భాష ఎస్ఎంటీపీ. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్ఎఫ్‌సీ 821లో ఇది స్థిరపడింది. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న ప్రధాన పత్రం 2008 నాటి ఆర్ఎఫ్‌సీ 5321. భాష చాలా చిన్నది. ఒకరు హలో అంటారు, ఎవరి నుంచో చెప్తారు, ఎవరికో చెప్తారు, ఉత్తరం చదువుతారు. ప్రతి మాటకీ అవతలివాళ్లు మూడంకెల జవాబు ఇస్తారు. 2తో మొదలైతే సరే. 4తో మొదలైతే 'ఇప్పుడు కాదు, మళ్లీ రా'. 5తో మొదలైతే 'వద్దు, మళ్లీ రాకు'.

మొత్తం ఉత్తరం విన్నాక సర్వర్ 250 అందంటే, ఆ పత్రం ప్రకారం అది ఒక బాధ్యత నెత్తినెత్తుకున్నట్టు. ఇక నుంచి ఈ ఉత్తరం నాది. నేను చేరుస్తాను, లేదా చేర్చలేకపోయానని పంపినవాడికి చెప్తాను. మూడో దారి మామూలుగా లేదు. తర్వాత మెషీన్ క్రాష్ అయిందనో, డిస్కులో చోటు చాల్లేదనో, ఇలాంటి కుంటిసాకులతో ఉత్తరాన్ని పోగొట్టడానికి వీల్లేదని అందులో స్పష్టంగా ఉంది. మోసపూరితమైన చెత్త అని చాలా గట్టి నమ్మకం ఉన్నప్పుడు మాత్రమే చప్పుడు చేయకుండా పారేయడాన్ని ఆలోచించొచ్చంటుంది. 'మీ కథ అందింది' అనే రెండు లైన్ల రసీదు ఆ కోవలోకి ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు.

నాకు ఈ నియమం చాలా నచ్చుతుంది. నలభై ఏళ్ల కిందట, ఎవరో ఇంజనీర్లు కూర్చుని, యంత్రాల మధ్య మాటకు ఒక విలువ పెట్టారు. అవతలి సర్వర్ పలక్కపోతే వెంటనే వదిలేయొద్దు, కనీసం అరగంట ఆగి మళ్లీ అడుగు, 4-5 రోజులైనా ప్రయత్నించు, అప్పటికీ కాకపోతే పంపినవాడికి చెప్పు. ఈ పద్ధతి మన ఊరి పాత పోస్టుమ్యాన్‌కి తెలిసిందే. తలుపు తాళం వేసి ఉంటే రేపు మళ్లీ వస్తాడు. ఇల్లు మారిపోతే కవరు మీద కారణం రాసి వెనక్కి పంపిస్తాడు. కాలవలో పడేయడు.

మరి కంపెనీ రిలేలు ఇలా ఎందుకు తయారవుతాయి? దురుద్దేశమేమీ ఉండదు. ఒకే రిలే వెనక వేలమంది చందాదారులుంటారు. అందులో ఒకరి కంప్యూటర్‌లో వైరస్ దూరి రాత్రికి రాత్రి లక్ష చెత్త మెయిళ్లు పంపిందనుకోండి. లోకానికి కనిపించేది ఆ రిలే చిరునామానే. దాన్ని స్పామ్‌హాస్ లాంటి బ్లాక్‌లిస్టులు పట్టేసుకుంటాయి, పెద్ద సర్వర్లు తలుపేస్తాయి. ఒకడు చేసిన దానికి వీధి మొత్తానికి శిక్ష. అప్పుడు కంపెనీ కంగారుపడి, బయటికి వెళ్లే మెయిళ్ల మీద తానే ఒక వడపోత పెడుతుంది. ఆ వడపోతలో చిక్కినవాటిని తిప్పి పంపితే ఇంకో తలనొప్పి, ఎందుకంటే చెత్త మెయిల్‌లో పంపినవాడి అడ్రస్ దొంగదే కాబట్టి, ఆ బౌన్స్ ఏ పాపం తెలియనివాడికో వెళ్తుంది. కాబట్టి నిశ్శబ్దంగా పారేయడం మొదలుపెడతారు. దీనికి సరైన మందు ఎప్పటి నుంచో ఉంది: ముందే, మాట నడుస్తుండగానే, 5తో మొదలయ్యే జవాబిచ్చి తిరస్కరించడం. అప్పుడు బాధ్యత పంపేవాడి దగ్గరే ఉంటుంది, తప్పుడు బౌన్సులూ ఉండవు. కాకపోతే అందుకు రిలేని శ్రద్ధగా చూసుకునే మనిషి ఒకరుండాలి. నెలవారీ బిల్లులో మెయిల్‌కి ప్రత్యేకంగా ఒక్క రూపాయి కూడా లేనప్పుడు ఆ మనిషిని ఎవరు పెడతారు? స్పీడ్‌కి ప్రకటనలుంటాయి. రిలేకి ఉండవు.

ఇక్కడ కొందరు మిత్రులతో నాకు పేచీ ఉంది. "పోర్ట్ 25 మూసేయడమే అసలు అన్యాయం, డబ్బులు కట్టి నెట్ తీసుకున్నాక ఏ తలుపైనా తెరిచే ఉండాలి" అంటారు వాళ్లు. నేనొప్పుకోను. 25 అనేది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తలుపు. ఇళ్లలోని లక్షల కంప్యూటర్లకి, అందులో వైరస్ పట్టినవెన్నో తెలియనప్పుడు, ఆ తలుపు బార్లా తీసి ఉంచితే లాభం స్పామర్లకే. 1978లో గ్యారీ థ్యూర్క్ అనే మార్కెటింగ్ మనిషి ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి తన కంపెనీ కంప్యూటర్ల ప్రకటన ఒకేసారి పంపినప్పుడు, తిట్లు తిన్నాడు గానీ, ఆ చిరునామాలను చేత్తో ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ కష్టం లేదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోకూడదన్న మాట నిజమే, కానీ ఇది ఇల్లు తగలబెట్టడం కాదు, దొడ్డితలుపుకి గడియ పెట్టడం. పైగా మనలాంటి వాళ్ల కోసం వేరే తలుపు పెట్టారు: పోర్ట్ 587. 1998లో ఆర్ఎఫ్‌సీ 2476తో వచ్చింది. ఇక్కడ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి రావాలి. ఎవరు పంపారో తెలుస్తుంది, తప్పు చేస్తే వాళ్ల ఖాతానే ఆపొచ్చు. 2007లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5068 అయితే, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు తమ చందాదారులకు 587ని మూయకూడదని ఖరాఖండిగా చెప్పింది.

పైగా మన దేశంలో చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ చిరునామా కూడా ఉండదు. ఒకే చిరునామా వెనక అనేక ఇళ్లుంటాయి. ఆ లోపలి వాడకానికే 2012లో 100.64తో మొదలయ్యే ఒక చిరునామాల గుంపును విడిగా కేటాయించారు. మీ రౌటర్‌లో అలాంటిది కనిపిస్తే, సొంత మెయిల్ సర్వర్ నుంచి నేరుగా పంపే ఆశ వదులుకోండి. పోర్ట్ తెరిచి ఉన్నా, అవతల జీమెయిల్ మీ చిరునామాకి రివర్స్ డీఎన్ఎస్ అడుగుతుంది. అది మీ చేతిలో లేదు.

కాబట్టి కంపెనీ 25 మూసినందుకు నాకు ఫిర్యాదు లేదు. మూసి, తన రిలే వాడమని చెప్పి, ఆ రిలేలో ఉత్తరాలు మాయమైతే కారణం చెప్పకపోవడం మీదే ఫిర్యాదు.

మేం పట్టిన పక్కదారి ఇది. మొదట, చేరిన మెయిళ్లలో ఆలస్యంగా చేరినవాటిని పట్టుకున్నాం. ప్రతి మెయిల్ లోపల, మామూలుగా మనకు చూపించని చోట, 'రిసీవ్డ్' అనే లైన్లు ఉంటాయి. దారిలోని ప్రతి సర్వర్ తన పేరు, తీసుకున్న టైమ్ వేస్తుంది. పాత ఇన్‌లాండ్ లెటర్ మీద బయల్దేరిన ఊరి ముద్ర, చేరిన ఊరి ముద్ర ఉండేవి చూడండి, అలాగన్నమాట. కింది నుంచి పైకి చదవాలి. చదివితే, మా డెస్క్‌టాప్ నుంచి కంపెనీ రిలేకి 1 సెకను. రిలే నుంచి జీమెయిల్‌కి 41 గంటలు. వాదనకి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. మీకెప్పుడైనా ఇలాంటి గొడవొస్తే స్క్రీన్‌షాట్లు దాచుకునే ముందు ఈ లైన్లు దాచుకోండి.

తర్వాత ఏ తలుపు తెరిచి ఉందో చూశాం. 25కి తడితే పలకదు, టైమవుట్. 587కి తడితే అవతల గూగుల్ సర్వర్ హలో అంది. ఇంకేం, పోస్ట్‌ఫిక్స్‌లో 'రిలేహోస్ట్' అనే ఒక్క లైన్ మార్చి, కంపెనీ రిలే బదులు క్లబ్ జీమెయిల్ ఖాతా మీదుగా పంపాం. దీనికి మామూలు పాస్‌వర్డ్ పనికిరాదు. 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాలకు ఆ సౌకర్యం గూగుల్ ఆపేసింది. రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. వ్యక్తిగత ఖాతాతో రోజుకు 500 మందికి మించి పంపనివ్వదు. కథల పోటీకి ఇది చాలా ఎక్కువే. తెలుగు కథలు రోజుకు 500 వచ్చే కాలం వస్తే ఆ కష్టాన్ని సంతోషంగా పడదాం.

సొంత డొమైన్ ఉండి, పంపాల్సినవి ఎక్కువైతే అమెజాన్ ఎస్ఈఎస్, మెయిల్‌గన్ లాంటి సేవలున్నాయి. వీటిల్లో నాకు నచ్చింది ధరో వేగమో కాదు, లాగ్. ఏ ఉత్తరం ఎప్పుడు వెళ్లింది, అవతలివాళ్లు ఏ అంకె చెప్పారు, బౌన్స్ అయితే ఎందుకు, అన్నీ ఉత్తరం ఉత్తరానికి కనిపిస్తాయి. అయితే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రెండు రికార్డులు డీఎన్ఎస్‌లో పెట్టుకోవాలి. మొదటిది 'నా పేరు మీద ఫలానా సర్వర్లే పంపొచ్చు' అన్న ప్రకటన. రెండోది ఉత్తరం మీద వేసే సంతకం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే ప్రతివాళ్లకీ వీటిలో కనీసం ఒకటి ఉండాలి, రోజుకు 5000 దాటితే రెండూ ఉండాలి, ఇంకా ఎక్కువ షరతులు. కంపెనీ రిలేని నమ్ముకుంటే వచ్చే ఇంకో చిక్కు కూడా ఇక్కడే తెలుస్తుంది. యాహూ అడ్రస్‌తో ఉత్తరం రాసి, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ సర్వర్ మీదుగా పంపడం ఒకప్పుడు మామూలే. 2014 ఏప్రిల్‌లో యాహూ, తన పేరుతో బయటి సర్వర్ల నుంచి వచ్చేవాటిని తిరస్కరించమని లోకానికి ప్రకటించింది. ఆ రోజుతో ఆ పాత అలవాటు చెల్లిపోయింది.

క్లౌడ్‌లో ఒక సర్వర్ అద్దెకి తీసుకుని మన రిలే మనమే నడుపుకుందామని సీఎస్‌ఈ వాళ్లకి కచ్చితంగా అనిపిస్తుంది. నేర్చుకోవడానికైతే చేయండి. పోటీ రసీదులకి వద్దు. అమెజాన్ లాంటి పెద్ద క్లౌడ్‌లలోనే 25 మొదట్నుంచీ మూసి ఉంటుంది, పైగా మీకు అంటగట్టిన ఐపీ చిరునామా మీద అంతకుముందు అద్దెకున్నవాడి పాపాలుండొచ్చు.

మూడు నాలుగు ఖాతాలు తెరిచి వంతులవారీగా పంపే చిట్కా కూడా ఒకరు చెప్పారు. అది స్పామర్ల చిట్కా. మనం అదే చేస్తే మనల్ని వాళ్లతో కలిపి చూసినందుకు ఎవరినీ అనలేం.

దారి మార్చడం సగం పనే. మిగతా సగం, జవాబు వినేలా మన చెవి పెట్టడం. పోస్ట్‌ఫిక్స్‌లో 'డిలే వార్నింగ్ టైమ్' అని ఒక సెట్టింగ్ ఉంది. మామూలుగా అది సున్నా, అంటే ఆలస్యమైతే చెప్పొద్దని. అదే పత్రికలో ఇంకో సెట్టింగ్ ప్రకారం ఉత్తరం 5 రోజులు క్యూలో ఉండొచ్చు. రెండూ కలిపి చూడండి: ఉత్తరం కదలకుండా కూర్చుంటే ఆ సంగతి మీకు ఐదో రోజు దాకా తెలియదు. పాత సెండ్‌మెయిల్ రోజుల్లో 4 గంటలకే 'ఇంకా చేరలేదు, ప్రయత్నిస్తున్నాను' అని ఒక హెచ్చరిక రావడం ఆనవాయితీ. నేను దాన్ని 1 గంటకి పెట్టాను. విసిగిస్తుందని కొందరు అంటారు. విసిగించనీ. గ్రేలిస్టింగ్ అని ఒక పద్ధతి ఉంది, తెలియని సర్వర్ మొదటిసారి వస్తే కావాలనే '451, కాసేపాగి రా' అంటుంది. స్పామర్లు మళ్లీ రారు, బుద్ధిమంతులు వస్తారని లెక్క. అదీ ఆలస్యమే, కానీ మొహం మీద చెప్పి చేసే ఆలస్యం. దాని మీద నాకు గౌరవమే.

ఇక 'నోరిప్లై' అడ్రస్ సంగతి. బౌన్స్ మెయిళ్లు ఎవరి పేరుతో పంపామో వాళ్లకే తిరిగొస్తాయి. ఆ పెట్టెను ఎవరూ తెరవకపోతే, ఎంత మర్యాదగల సర్వర్ ఎన్ని జవాబులిచ్చినా బూడిదలో పోసిన పన్నీరే. కంపెనీ మౌనంగా ఉందని తిడుతూ, మన వైపు మనం చెవుల్లో దూది పెట్టుకోవడం ఏం న్యాయం? ఇప్పుడు క్లబ్ మెయిళ్లన్నీ ఒక మనిషి రోజూ చూసే అడ్రస్ నుంచి వెళ్తాయి. ఎవరి వంతు ఏ వారమో గోడ మీద అంటించి ఉంది.

"ఇంత గొడవెందుకు, వాట్సాప్‌లో పడేస్తే పోలా?" అని మా రూమ్మేట్ ప్రశ్న. పోదు, అంటాను. మనవాళ్లు మెయిల్‌ని నమ్మకపోవడానికి ఎప్పుడో ఒక పక్కదారి కనిపెట్టారు: మెయిల్ పెట్టి ఫోన్ చేయడం. "సార్, మెయిల్ పెట్టానండీ, ఒకసారి చూడండి." ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, మన డిపార్ట్‌మెంట్‌లో రోజూ వినే మాటే. యంత్రం ఇవ్వాల్సిన రసీదుని మనిషి నోటితో తెచ్చుకోవడం అది. పనిచేస్తుంది కూడా. కానీ ఎవరికి పనిచేస్తుంది? అవతలివాళ్ల నంబరు ఉన్నవాళ్లకి, ఫోన్ చేసే చనువున్నవాళ్లకి. సమ్మర్ ఇంటర్న్‌షిప్ కోసం ఎక్కడో ఐఐటీ ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టే సెకండియర్ కుర్రాడికి ఆ చనువు లేదు. స్కాలర్‌షిప్ కాగితాలు పంపిన పిల్లకి ఆఫీసు లైన్ ఎప్పుడూ బిజీ. వాళ్లకి జవాబు రాలేదంటే ఒకటే అర్థం: మనల్ని వద్దన్నారు. ఉత్తరం సర్వర్‌లో ఆగిందా, అవతల స్పామ్ ఫోల్డర్‌లో పడిందా, నిజంగానే వద్దన్నారా, మూడింటికీ తెర మీద కనిపించేది ఒకే ఖాళీ. సందేహం వచ్చినప్పుడు చిన్నవాళ్లు తప్పు తమ మీదే వేసుకుంటారు. ఆ ఫస్టియర్ అమ్మాయి చేసింది అదే.

నా పక్కదారిలో ఉన్న లోటు కూడా చెప్పాలి. ఎవరైనా, ఎక్కడైనా సర్వర్ పెట్టుకుని, ఎవరికైనా ఉత్తరం పంపగలగడం మెయిల్ అసలు గొప్పతనం. ఒక కంపెనీ సొత్తు కాదది. కంపెనీ రిలేని వదిలి గూగుల్ గుమ్మం పట్టుకోవడమంటే, చిన్న కొట్టులో అప్పు పుట్టలేదని పెద్ద షావుకారు దగ్గరికి వెళ్లడమే. ఆయన రేపు నియమం మారిస్తే మనం మారాలి, 2022లో మారినట్టు. అందుకే నేను డెస్క్‌టాప్‌లో పోస్ట్‌ఫిక్స్‌ని తీసేయలేదు. క్యూ మాది, లాగ్ మాది, డొమైన్ తీసుకుంటే పేరూ మాదే. చివరి మజిలీ మాత్రమే అద్దె బండి. ఈ షావుకారు తలుపేస్తే ఒక్క లైన్ మార్చి ఇంకొకరి దగ్గరికి వెళ్తాం. ప్రోగ్రాంలోనే నేరుగా ఒక కంపెనీ సేవను ఇరికించి రాసేస్తే ఆ వీలుండదు. ఈ ఒక్క సలహా మాత్రం ప్రాజెక్టులు చేసేవాళ్లు గుర్తుపెట్టుకుంటే చాలు.

బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల నుంచి నేను కోరేది పెద్దదేం కాదు. ఏ పోర్టులు మూశారో చందా తీసుకునేటప్పుడే ఒక కాగితం మీద రాసివ్వండి. రిలే నడిపితే గంటకి ఎన్ని మెయిళ్లు దాటితే ఆపుతారో చెప్పండి. ఆపినప్పుడు 250 అనకండి, 5 అంకె చెప్పి మొహం మీదే తలుపేయండి. నడపలేకపోతే, "మా రిలే లేదు, 587 తెరిచి ఉంది, మీ దారి మీరు చూసుకోండి" అని ఒప్పుకోండి. అది చేతకానితనం కాదు, నిజాయితీగల జవాబు. మా కాలేజీ నెట్‌వర్క్ వాళ్లకీ ఇదే విన్నపం.

చివరగా సాహిత్య క్లబ్‌కి తగిన పని ఒకటుంది. బౌన్స్ మెయిల్ వచ్చినప్పుడు చాలామంది దాన్ని చదవరు. 'మెయిలర్ డీమన్' అన్న పేరు చూసి వైరస్ అనుకుని డిలీట్ చేసేవాళ్లు నాకు తెలుసు. పైన ఇంగ్లీషు, మధ్యలో అంకెలు, కింద అసలు ఉత్తరం ముక్కలు. చెప్పాల్సింది చెప్తుంది గానీ, వినాల్సినవాడి భాషలో చెప్పదు. పోస్ట్‌ఫిక్స్‌లో ఆ ఉత్తరం నమూనాని మార్చుకోవచ్చు. హెడర్‌లో సబ్జెక్ట్ లైన్‌ని మామూలు ఇంగ్లీషు అక్షరాల్లోనే వదిలేసి, లోపలి ఒడిని యూనికోడ్‌లో తెలుగులో రాసుకోవచ్చు. నేను ఒకటి రాశాను:

"నమస్కారం. మీరు పంపిన ఉత్తరం కింద ఉన్న చిరునామాకి చేరలేదు. అవతలి సర్వర్ చెప్పిన కారణం యథాతథంగా ఇస్తున్నాం. 5తో మొదలైతే చిరునామా ఒకసారి సరిచూసుకోండి. 4తో మొదలైతే ఇన్ని రోజులు ప్రయత్నించి ఆపేశామని అర్థం, మళ్లీ పంపొచ్చు. మీరు రాసింది ఎవరూ చదవలేదు, కాబట్టి ఎవరూ కాదనలేదు."

ఆఖరి వాక్యం సర్వర్ నోట్లో పెట్టాల్సింది కాదని మా రూమ్మేట్ అభ్యంతరం. ఉంచాలని నా పట్టు. ఇంతకన్నా తక్కువ మాటల్లో, ఇంతకన్నా మంచి తెలుగులో రాయగలిగినవాళ్లు శుక్రవారం సాయంత్రం క్లబ్ గదికి రండి. మెయిల్ పెట్టినా సరే, అందితే రసీదు వస్తుంది, అందకపోతే అదీ తెలుస్తుంది.